సిల్ట్ దీవిలో పాత బాతుల ఉచ్చు: ఫోగెల్‌కోయెకి ఎలా వెళ్లాలి, ఏం చూడాలి

జర్మనీలో చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లకు సిల్ట్ దీవి కొత్త కాదు. వీకెండ్ వస్తే హాంబర్గ్‌లో రైలెక్కుతారు, వెస్టర్‌లాండ్‌లో దిగుతారు, బీచ్‌లో నాలుగు ఫొటోలు తీసుకుంటారు, చలిగాలికి వణుకుతూ మళ్లీ రైలెక్కేస్తారు. అదే దీవిలో ఉత్తరం వైపు సుమారు పది కిలోమీటర్లు వెళ్తే, కాంపెన్ అనే ఊరు దాటాక, రోడ్డు పక్కన ఒక చిన్న అడవి కనిపిస్తుంది. దాని మధ్యలో ఒక చెరువు. అది దానంతట అది ఏర్పడిన చెరువు కాదు. అడవి బాతుల్ని పట్టడానికి 1767లో తవ్వించింది. 1921 దాకా, అంటే ఒకటిన్నర శతాబ్దానికి పైగా, ఇక్కడ పట్టిన బాతులు దాదాపు 7 లక్షలు. 1935 నుంచి ఆ చెరువూ చుట్టూ ఉన్న చెట్లూ రక్షిత ప్రాంతం. పేరు ఫోగెల్‌కోయె.

లోపల తిరగడానికి గంటన్నర చాలు. అయితే ఏం చూస్తున్నామో తెలియకపోతే ఆ గంటన్నర కూడా దండగే అనిపిస్తుంది. పాచి పట్టిన నీళ్లు, చెక్క దారి, చెట్లు, ఇంతేనా అని వెనక్కి వచ్చేస్తారు. అందుకే రైళ్లు, బస్సుల సంగతి త్వరగా ముగించి, చెరువు గట్టున నిలబడ్డాక ఏం చేయాలో ఎక్కువగా చెబుతాను.

1. బయల్దేరే ముందే ఉచ్చు ఎలా పనిచేసేదో తెలుసుకోండి

ఈ పని రైల్లో కూర్చుని కూడా చేయొచ్చు.

ఒక మంచినీటి చెరువు. దాని నాలుగు మూలల నుంచి నాలుగు కాలువలు బయటికి పోతాయి. జర్మన్‌లో వీటిని 'ప్ఫైఫె' అంటారు, మనం పైపులు అనుకుందాం. చెరువు దగ్గర పైపు నోరు వెడల్పుగా ఉంటుంది, పోనుపోను సన్నబడుతుంది. తిన్నగా పోదు, కొడవలిలా వంపు తిరుగుతుంది. పైన కమానుల్లా వంచిన కర్రలు, వాటి మీద వల. చివర్లో వల సంచి. గోదావరి కాలువల్లో చేపలకు పెట్టే మావు గుర్తుందా, లోపలికి దారి ఉంటుంది కానీ బయటికి దొరకదు, అలాంటిదే. కాలువ పొడవునా ఒక పక్క రెల్లు తడికలు ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి ఉంటాయి. తడికల వెనక మనిషి నడుస్తుంటే చెరువులో ఉన్న బాతులకు కనపడడు. కానీ సందుల్లోంచి అతనికి అన్నీ కనిపిస్తాయి.

ఇక పట్టడం. ఆగస్టు చివర నుంచి ఉత్తర దేశాల బాతులు చలికి తట్టుకోలేక దక్షిణానికి దిగుతూ ఈ తీరంలో ఆగుతాయి. సిల్ట్‌కి తూర్పున వాడెన్ సముద్రం ఉంది. ఆటుపోట్లకు రోజుకు రెండుసార్లు బురద నేల బయటపడి, మళ్లీ మునిగిపోయే సముద్రం అది. తిండి దొరుకుతుంది కానీ నీళ్లు ఉప్పు, గాలి విసురు. పక్కనే చెట్ల చాటున నిశ్చలంగా మంచినీటి చెరువు కనిపిస్తే దిగకుండా ఎందుకుంటాయి? పైగా ఆ చెరువులో అప్పటికే కొన్ని బాతులు హాయిగా ఈదుతూ, అరుస్తూ ఉంటాయి. అవి దీమంగా, అంటే అడవి బాతుల్ని ఆకర్షించే ఎరగా, పెంచిన బాతులు. రెక్కలు కత్తిరించి, రోజూ గింజలు వేసి, మనిషిని చూస్తే బెదరకుండా అలవాటు చేసినవి.

ఈ ఉచ్చును నడిపే కాపలాదారు తడికల చాటు నుంచి పైపులోకి గింజలు విసురుతాడు. దీమపు బాతులు అలవాటుగా అటు ఈదుతాయి. అడవి బాతులు వాటి వెంట పడతాయి. అవి వల కిందికి, వంపు దాకా వచ్చాక, కాపలాదారు వాటి వెనక వైపు, అంటే చెరువు వైపు, తడికల మధ్య నుంచి ఒక్కసారిగా కనిపిస్తాడు. చెరువులో మిగిలిన బాతులకు అతను కనపడడు, వంపూ తడికలూ అడ్డం. పైపులో ఉన్నవాటికి మాత్రమే కనపడతాడు. అవి భయపడి ముందుకు, సన్నబడే వైపు ఎగురుతాయి. చివర్లో వల సంచి. దీమపు బాతులు మాత్రం ఏమీ జరగనట్టు వెనక్కి తిరిగి చెరువులోకి వచ్చేస్తాయి, ఆ మనిషి వాటికి రోజూ తిండి పెట్టేవాడు కదా. పట్టినవాటి మెడ అక్కడికక్కడే చేత్తో విరిచేసేవారు. తుపాకీ లేదు, చప్పుడు లేదు. చెరువులో ఉన్న మిగతా గుంపుకి ఏం జరిగిందో తెలియదు. అరగంటలో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఈ ఉచ్చు అంతా నిశ్శబ్దం మీద ఆధారపడింది. ఒక్క తుపాకీ మోగితే ఆ చెరువుకి రోజుల తరబడి బాతులు రావు. నెదర్లాండ్స్‌లో అయితే ఇలాంటి చెరువుల చుట్టూ ఫలానా దూరం లోపల ఎవరూ అల్లరి చేయకూడదని చట్టబద్ధమైన హక్కే ఉండేది. ఈ పద్ధతి పుట్టింది కూడా అక్కడే. సిల్ట్‌తో పాటు దాని చుట్టుపక్కల దీవులను ఉత్తర ఫ్రీజియన్ దీవులంటారు. వాటి మగవాళ్లు డచ్ ఓడల్లో తిమింగలాల వేటకు వెళ్లేవారు, అక్కడ చూసినదాన్ని ఇంటికి తెచ్చారు. ముందు పక్కనున్న ఫ్యోర్ దీవిలో 1730లో ఒకటి కట్టారు, తర్వాత సిల్ట్‌లో ఇది. అప్పట్లో ఈ ప్రాంతం డెన్మార్క్ రాజు ఏలుబడి కింద ఉండేది.

7 లక్షలు అనగానే కళ్లు తిరుగుతాయి. ఏళ్లకు పంచితే సగటున ఏడాదికి నాలుగున్నర వేలు. దీవి జనానికి అది చలికాలపు మాంసం, అమ్ముకుంటే నగదు. ఫ్యోర్‌లోని వీక్ పట్టణంలో అయితే బాతు మాంసాన్ని డబ్బాల్లో నింపి బయటికి పంపే ఫ్యాక్టరీ కూడా నడిచింది.

2. ఎప్పుడు వెళ్లాలి

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. నన్నడిగితే వేరే సీజన్ గురించి ఆలోచించనే అక్కర్లేదు. ఉచ్చు నిజంగా పనిచేసిన నెలలు అవే. అవే బాతులు ఇప్పటికీ అదే సమయంలో వస్తాయి. జులై, ఆగస్టుల్లో స్కూలు సెలవులు. రైళ్లలో నిలబడటానికి చోటుండదు, చెరువు దగ్గర దోమలు వేరే. చలికాలంలో కాపలాదారు ఇంట్లోని ప్రదర్శన మూసి ఉంటుంది. ఆ ఇల్లు, లోపలి దారి ఏ వేళల్లో తెరుస్తారో ఏడాదికేడాది మారుతుంది కాబట్టి, నిర్వహించే సంస్థ సోల్‌రింగ్ ఫోరీనింగ్ వెబ్‌సైట్‌లో ముందురోజు ఒకసారి చూసుకోండి. ఇది 1905లో మొదలైన స్థానిక వారసత్వ సంఘం. టికెట్ ధర చిన్నదే. కొంత నగదు దగ్గర ఉంచుకోండి, జర్మనీలో కార్డు తీసుకుంటారని ఎక్కడా ధీమాగా ఉండకూడదు.

తేదీతో పాటు పోటు వేళ కూడా చూసుకోండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఆటు వేళ బాతులు, నీటి పక్షులు కిలోమీటర్ల దూరం బురదలో చెల్లాచెదురుగా ఉంటాయి, బైనాక్యులర్‌లో కూడా చుక్కల్లా కనిపిస్తాయి. పోటు పెరుగుతుంటే గట్టుకి దగ్గరగా వచ్చి గుంపు కడతాయి. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అంటే ఏ రోజుకారోజు పోటు వేళ కాస్త ఆలస్యమవుతూ పోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య పోటు ఉన్న రోజును ఎంచుకుంటే, పొద్దున ఫోగెల్‌కోయె చూసి, తర్వాత తీరానికి పోవచ్చు. దీవి ఉత్తర కొసన ఉన్న 'లిస్ట్' రేవు పేరుతో వెతికితే పోటు పట్టిక దొరుకుతుంది.

3. రైలు

హాంబర్గ్ ఆల్టోనా నుంచి వెస్టర్‌లాండ్‌కి నేరుగా ప్రాంతీయ రైలు ఉంది, సుమారు మూడు గంటలు పడుతుంది. దేశమంతా ప్రాంతీయ రైళ్లలో తిరగనిచ్చే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. ఈ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, తర్వాత ధర పెరుగుతూ వచ్చింది. చాలా యూనివర్సిటీల సెమిస్టర్ టికెట్‌లో ఇది కలిసే ఉంటుంది కాబట్టి విద్యార్థులు ముందు అది చూసుకోండి. ఐసీ, అంటే ఇంటర్‌సిటీ రైళ్లలో మాత్రం ఇది చెల్లదు. ఒకే ప్లాట్‌ఫామ్ మీద రెండూ వస్తుంటాయి, తొందరలో ఏది పడితే అది ఎక్కితే జరిమానా తప్పదు.

వీలైనంత పొద్దున్నే రైలు పట్టుకోండి. ఈ లైన్ కొన్ని చోట్ల ఒకే పట్టా, ఒక రైలు లేటైతే దాని వెనక అన్నీ లేటే. పైగా దీవికి రోడ్డు లేదు. కార్లు కూడా ఇవతలి ఒడ్డున నీబ్యుల్‌లో రైలు మీద ఎక్కో, డెన్మార్క్ వైపు నుంచి ఓడలోనో రావాల్సిందే. అందుకే ప్లాన్‌లో ఒక గంట అదనంగా వేసుకోండి, లేకపోతే రోజంతా టెన్షనే.

దారిలో రెండు చోట్ల ఫోన్ పక్కన పెట్టండి. ఒకటి హోఖ్‌డోన్ దగ్గర, రైలు కీల్ కాలువను చాలా ఎత్తైన వంతెన మీద దాటుతుంది, కింద ఓడలు పోతుంటాయి. రెండోది నీబ్యుల్ దాటాక. 1927లో తెరిచిన హిండెన్‌బుర్గ్ కట్ట, సుమారు 11 కిలోమీటర్లు, అటూ ఇటూ సముద్రం. పొద్దున ఆటు వేళ అయితే బురద నేల మీద వేల పక్షులు మేస్తుంటాయి. మీరు వెతుకుతూ వచ్చిన బాతులు మొదట కనిపించేది రైలు కిటికీలోంచే కావచ్చు. ఉత్తరం చూడాలంటే దీవికి వెళ్లేటప్పుడు కుడి వైపు కూర్చోండి.

బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చేవాళ్లు ఒకే రోజులో అన్నీ చూడాలనుకోవద్దు. సిల్ట్‌లో హోటళ్లు చాలా ఖరీదు, అందులో కాంపెన్ అయితే జర్మనీ కోటీశ్వరుల ఊరు. లిస్ట్, హోర్నుమ్‌లలో యూత్ హాస్టళ్లు ఉన్నాయి. అవి దొరక్కపోతే హూసుమ్‌లోనో నీబ్యుల్‌లోనో రాత్రి ఉండి పొద్దున రైలెక్కడం జేబుకి మంచిది.

4. వెస్టర్‌లాండ్ నుంచి చెరువు దాకా

బస్సు తేలిక. స్టేషన్ బయటే బస్టాండ్. కాంపెన్ మీదుగా లిస్ట్ వెళ్లే బస్సెక్కి, ఫోగెల్‌కోయె స్టాప్‌లో దిగడమే. కాంపెన్ దాటాక స్టాప్ పేరు కోసం చెవి ఒగ్గి ఉండండి. ఎవరూ బటన్ నొక్కకపోతే బస్సు ఆగకుండా వెళ్లిపోతుంది.

సైకిల్ ఇంకా బాగుంటుంది. వెస్టర్‌లాండ్‌లో అద్దెకిచ్చే షాపులు స్టేషన్ చుట్టుపక్కలే ఉంటాయి. పాత దీవి రైలు, 1970లో ఆపేసింది, ఒకప్పుడు ఇటే నడిచేది. దాని పట్టాల దారే ఇప్పుడు సైకిల్ దారి. ఇసుక దిబ్బలు, ఊదారంగు పొదల మైదానం మధ్య నుంచి పోతుంది, కార్ల గొడవ ఉండదు. ఒకే చిక్కు గాలి. ఎక్కువ రోజులు పడమర, నైరుతి నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంటే మనకేదో బలం వచ్చిందనుకుంటాం, తిరుగు దారిలో అసలు సంగతి తెలుస్తుంది. రోజూ సైకిల్ తొక్కే అలవాటు లేకపోతే డబ్బులు చూసుకోకుండా ఎలక్ట్రిక్ సైకిలే తీసుకోండి. మొబైల్‌లో గాలి దిక్కు కూడా చూసి పెట్టుకోండి. అది సైకిల్‌కే కాదు, చెరువు దగ్గర కూడా పనికొస్తుంది.

5. చెరువు దగ్గర: ముందు బాతులా, తర్వాత కాపలాదారులా నడవండి

రోడ్డు మీద నుంచి చూడగానే ఒక తేడా కొడుతుంది. అప్పటిదాకా దిబ్బలు, గడ్డి, పొదలే. ఇక్కడ ఉన్నట్టుండి ఆల్డర్, బర్చ్ చెట్లు గుబురుగా. ఈ దీవిలో ఇలాంటి అడవి తనంతట తానుగా పెరగదు, సముద్రపు గాలి మొక్కను తలెత్తనివ్వదు. ఈ చెట్లు కూడా ఉచ్చులో భాగం. గాలి ఆపడానికి, బయటి అలికిడి లోపలికి రాకుండా ఉండటానికి, బాతులకు ధైర్యం కలగడానికి మనుషులే నాటి పెంచారు. వేట ఆగాక నరికేవాళ్లు లేక అవి అడవిగా ముదిరాయి. తేమ నేల మీద కూలిన చెట్లను అలాగే వదిలేశారు. వాటి మీద నాచు, పుట్టగొడుగులు, ఫెర్న్‌లు. ఆగి చూడండి, దీవిలో ఇంత పచ్చటి నీడ అరుదు.

లోపలికి వెళ్లగానే ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. గుంపుగా వెళ్తే గుసగుసగా మాట్లాడుకోండి. మర్యాద కోసం మాత్రమే చెప్పట్లేదు. ఆ నిశ్శబ్దంలో నిలబడితేనే ఈ చెరువు ఎలా పనిచేసేదో ఒంటికి తెలుస్తుంది.

ముందు కాపలాదారు ఇంట్లోని ప్రదర్శన చూసెయ్యండి. బోర్డులు చదవడానికి ఫోన్‌లో జర్మన్ అనువాద ప్యాక్ ముందే దింపుకుంటే మంచిది. తరచూ కనిపించే మాటలు కొన్ని: 'ఎంటె' అంటే బాతు, 'లాక్‌ఎంటె' దీమపు బాతు, 'టైఖ్' చెరువు, 'రొయిజె' చివరి వల సంచి, 'నాటూర్‌షుట్స్‌గెబీట్' రక్షిత ప్రకృతి ప్రాంతం.

తర్వాత చెక్క దారి మీద చెరువు గట్టుకి రండి. అక్కడ నిలబడి ఇవి వరసగా చేయండి:

మొదట నాలుగు మూలలూ గుర్తించండి. పైపు నోళ్లు ఎక్కడ తెరుచుకున్నాయో చూడండి. గట్టున ఉన్న మీకు పైపు చివర కనపడదు. కనపడకుండా ఉండటానికే ఆ వంపు. నీళ్ల మీద ఉన్న బాతుకి కూడా అంతే, ముందు ఒక నీడ కాలువ, తర్వాత మలుపు, అవతల ఏముందో తెలియదు.

రెండోది గాలి. చెట్ల పైకొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూడండి, లేదా వేలు తడిపి పైకెత్తండి. బాతు గాలికి ఎదురుగా ఎగరడానికి ఇష్టపడుతుంది, విమానం గాలికి ఎదురుగా లేచినట్టు. కాబట్టి పైపు చివర నుంచి చెరువు వైపు గాలి వీస్తున్న పైపునే ఆ రోజు వాడేవారు. బెదిరిన బాతు గాలికి ఎదురుగా లేస్తే నేరుగా వల సంచి వైపు పోతుంది. నాలుగు పైపులు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. గాలి ఎటు నుంచి వీచినా ఒక పైపు పనికొస్తుంది. ఈ రోజు గాలికి ఏ పైపు వాడేవారో మీరే తేల్చండి. పిల్లలు వెంట ఉంటే ఇదే పందెం పెట్టండి, పది నిమిషాలు కదలరు.

ఇందులో ఒక చిక్కుంది. గాలి పైపు నుంచి చెరువు వైపు వీస్తుంటే కాపలాదారు ఒంటి వాసన కూడా బాతుల వైపే పోతుంది. నెదర్లాండ్స్‌లో, ఇంగ్లండ్‌లో దీనికి ఒక ఉపాయం చేసేవారు. మండుతున్న పీట్ గడ్డ, అంటే చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టిన వంటచెరకు లాంటి మట్టిగడ్డ, ఒకటి చేత్తో పట్టుకుని తిరిగేవారు. ఆ పొగ వాసనలో మనిషి వాసన కలిసిపోయేది.

మూడోది, పైపు పక్కకి వచ్చాక తడికలు ఎలా అమర్చారో చూడండి. చెరువు వైపు నుంచి చూస్తే ఒకే గోడలా ఉంటుంది. పైపు చివర వైపు నుంచి వెనక్కి చూస్తే ఒక్కో తడిక మధ్యా సందు. ఒకే కట్టడం, నిలబడిన చోటును బట్టి గోడ, నిలబడిన చోటును బట్టి ద్వారం. ఈ చెరువులో నాకు అన్నిటికంటే తెలివైన పని ఇదే అనిపిస్తుంది. వల ఎవరైనా కట్టొచ్చు.

డచ్ చెరువుల్లో ఈ తడికల చుట్టూ ఒక చిన్న కుక్కను తిప్పేవారు. కోయికర్ అనే జాతి, గోధుమ తెలుపు మచ్చలు, కుచ్చు తోక. తడికల మధ్య కనిపిస్తూ మాయమవుతూ అది పైపు లోపలికి పోతుంటే, బాతులు పారిపోకుండా దాని వెంటే వచ్చేవి. తమను చూసి వెనక్కి పోతున్న శత్రువు మీద కన్నేసి ఉంచడం వాటి సహజ గుణం. ఈ ఫ్రీజియన్ దీవుల్లో మాత్రం పని ఎక్కువగా దీమపు బాతులతో, గింజలతోనే నడిచింది.

బాతులు కనిపిస్తాయా అంటే, ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. చెట్లు ముదిరి చెరువు మీద ఆకాశం మూసుకుపోయిన కొద్దీ పెద్ద గుంపులకు దిగడం కష్టం. నాలుగు మలార్డ్ బాతులు కనిపిస్తే సంతోషించండి. చెట్లలో చిన్న పిట్టలు మాత్రం దండిగా ఉంటాయి. ఇది ఉచ్చును చూసే చోటు, బాతుల కోసం ఇంకొంచెం నడవాలి.

దారి దాటి అడుగు పెట్టకండి. నేల మెత్తన, పైగా నిషిద్ధం. బ్రెడ్ ముక్కలు వేయకండి. డ్రోన్ బయటికి తీయనే వద్దు, జర్మనీలో రక్షిత ప్రాంతాల మీద అది చట్టవిరుద్ధం. వాన పడితే చెక్క దారి జారుతుంది, మంచి పట్టున్న బూట్లు వేసుకోండి.

6. బతికున్న బాతుల కోసం తూర్పు తీరానికి

అడవి దాటితే తూర్పున వాడెన్ తీరం దగ్గరే. పోటు వేళకు గంటన్నర ముందు అక్కడికి చేరండి. ఇది జాతీయ ఉద్యానవనం, 2009 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రాంతం కూడా. బురద నేల ఎంత గట్టిగా కనిపించినా ఒంటరిగా లోపలికి నడవకండి. పోటు నీరు ముందు మీ వెనకున్న పాయల్లోకి వస్తుంది, మీకు తెలిసేసరికి దారి ఉండదు.

ఉచ్చులో ఎక్కువగా పడినవి పిన్‌టెయిల్, టీల్, విజియన్, మలార్డ్. ఈ నాలుగింటినీ గుర్తుపట్టడం కష్టమేం కాదు, కానీ సెప్టెంబరులో ఒక మోసం ఉంది. అప్పటికి మగ బాతులు ఇంకా పాత ఈకలు రాల్చి, ఆడవాటిలాగే గోధుమ రంగులో ఉంటాయి. పుస్తకంలో ఉన్న తళతళ రంగులు అక్టోబరు నడిమికి గానీ రావు. కాబట్టి రంగు చూడకుండా ఆకారం చూడండి. పిన్‌టెయిల్‌కి మెడ సన్నగా పొడుగ్గా, తోక మొనదేలి ఉంటుంది. టీల్ అన్నిటికంటే చిన్నది, నీళ్ల మీద నుంచి నిట్టనిలువుగా ఎగిరిపోతుంది. విజియన్ తల గుండ్రం, ముక్కు పొట్టి. మగవాటి ఈల ఒకసారి వింటే మరిచిపోరు. మలార్డ్ అందరికీ తెలిసిన పార్కు బాతే.

పిన్‌టెయిల్‌ని మన దగ్గర సూదితోక బాతు అంటారు. చలికాలంలో కొల్లేరుకు, పులికాట్‌కు వచ్చేదీ ఇదే జాతి. అయితే సిల్ట్ మీదుగా పోయేవి అట్లాంటిక్ తీరం వెంట దక్షిణానికి దిగే గుంపులు, కొల్లేరుకు వచ్చేవి మధ్య ఆసియా దారి పట్టినవి. ఊళ్లో ఉన్నప్పుడు కొల్లేరు చూడకుండా ఇక్కడికొచ్చి బాతుల్ని వెతుక్కోవడం వింతే, ఏం చేస్తాం.

బైనాక్యులర్ ఉంటే 8×42 రకం తెచ్చుకోండి, గాలికి చెయ్యి వణికినా బొమ్మ నిలబడుతుంది. అంతకంటే పెద్దది ఈ గాలిలో పనికిరాదు.

పోటు సమయం కుదరకపోతే రెండో దారి ఉంది. దీవి దక్షిణాన రాంటుమ్ దగ్గర రాంటుమ్‌బెకెన్ అనే పెద్ద నీటి మడుగు ఉంది. 1930లలో సముద్ర విమానాలు దిగడానికి కట్ట కట్టి చేసింది. యుద్ధ అవసరం తీరాక పక్షులు ఆక్రమించుకున్నాయి. 1962 నుంచి అదీ రక్షిత ప్రాంతమే. కట్ట మీద నడుస్తూ చూడొచ్చు. పక్కనే 1874 నాటి ఇంకో పాత ఉచ్చు చెరువు, ఐడుమ్ ఫోగెల్‌కోయె కూడా ఉంది.

7. తిండి, మిగిలిన సమయం

చెరువు పక్కనే అదే పేరుతో రెస్టారెంట్ ఉంది. బాగుంటుంది, కానీ కాంపెన్ ధరలు. విద్యార్థులైతే పులిహోరో పెరుగన్నమో కట్టుకుపోవడం ఉత్తమం, బల్ల దొరికిన చోట కూర్చుని తినండి, పొట్లం మాత్రం వెంట తెచ్చేసుకోండి. చేప తినేవాళ్లు అదే బస్సులో లిస్ట్ రేవు దాకా వెళ్తే చేప పెట్టిన బన్ను దొరుకుతుంది. లిస్ట్ దారిలో కదిలే ఇసుక దిబ్బలు కనిపిస్తాయి, గాలికి ఏటా జరుగుతూ పోయేవి. వాటి మీదికి ఎక్కనివ్వరు. బీచ్‌లోకి పోవాలంటే రోజు సందర్శకుల రుసుము కట్టాలి, దారి మొదట్లో అడుగుతారు.

జర్మనీలో లేనివాళ్లకు

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు బకింగ్‌హామ్‌షైర్‌లోని బోర్‌స్టాల్ గురించి చూడండి. 17వ శతాబ్దపు చెరువు, నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. లోపలికి రానిస్తున్నారో లేదో ముందే కనుక్కోవాలి. గ్లాస్టర్‌షైర్‌లోని స్లిమ్‌బ్రిడ్జ్‌లో ఉన్నది ఇంకో కథ. పక్షి ప్రేమికుడు పీటర్ స్కాట్ 1946లో అక్కడ తన సంస్థ మొదలుపెట్టినప్పుడు, 1843 నాటి పాత ఉచ్చు చెరువును అలాగే ఉంచి, బాతుల్ని పట్టి, కాలికి ఉంగరం తొడిగి వదిలెయ్యడానికి వాడారు. పైపు, వల, తడిక అన్నీ అవే. మెడ విరిచే పని ఒక్కటి మారింది. ఏ బాతు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో మనకు తెలిసిన దాంట్లో కొంత ఇలాంటి చెరువుల పుణ్యమే.

నెదర్లాండ్స్‌లో ఇలాంటివి ఇంకా చాలా మిగిలాయి. ఎక్కువ వాటిలోకి మామూలు రోజుల్లో వెళ్లనివ్వరు, గైడ్‌తో తెరిచే రోజులుంటాయి. ఐండ్‌హోవెన్, ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు 'ఏండెన్‌కోయి' అని వెతికితే దగ్గరలోనే ఒకటి దొరుకుతుంది. కుక్కతో చేసి చూపించే రోజు దొరికితే వదలకండి. దీవుల మీద మనసుంటే సిల్ట్‌కి పక్కనే ఆమ్‌రుమ్‌లో 1866 నాటి మేరామ్ చెరువు ఉంది. అక్కడికి డాగెబ్యుల్ నుంచి పడవ పట్టాలి.

తిరుగు రైలు

ఆదివారం సాయంత్రం వెస్టర్‌లాండ్ స్టేషన్‌లో దీవి మొత్తం ప్లాట్‌ఫామ్ మీదే ఉంటుంది. శనివారం వెళ్లడం మేలు, ఇంకా మేలు వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టడం. చివరి రైలు మీద ఆధారపడకండి, దానికి ముందున్నదాన్ని లెక్కలో పెట్టుకోండి. సైకిల్‌ను షాపు మూసే వేళకు అరగంట ముందే అప్పగించండి. ఎదురుగాలిలో ఆ పది కిలోమీటర్లకు మ్యాప్ చూపించే సమయానికి ఇంకో ఇరవై నిమిషాలు కలుపుకోవాలి.